వచ్చింది, వచ్చాడు

గీలాంగ్ లైబ్రరీ రెండో అంతస్తులో
ఆదివారం పది గంటలకి తెలుగు బడి.
కిటికీ అవతల అఖాతం, కోతపెట్టే చలిగాలి,
చిప్స్ పొట్లం కోసం తన్నుకుంటున్న సీగల్స్.
ఇవతల తొమ్మిది మంది పిల్లలు, తెల్లబోర్డు, నేను.

క్రియలు చెబుతున్నాను.
అన్న వచ్చాడు. అక్క వచ్చింది.
బస్సు వచ్చింది. కుక్క వచ్చింది. వాన వచ్చింది.
ఇంత తేలికైన పాఠం ఇంకోటి లేదని
ఆరేళ్లుగా నా ధీమా.

మేధిని చెయ్యెత్తింది.
ముందుపళ్ల మధ్య సందు,
ఫుటీ ఆడి దోక్కుపోయిన మోకాలు.
"మాస్టారూ, అక్క వెళ్లి బస్సు పక్కన ఎందుకు కూర్చుంది?
అన్న పక్కన చోటు లేదా?"

పిల్లలు నవ్వారు. నేనూ నవ్వాను.
వ్యాకరణం అంతేనమ్మా, అన్నాను.
పెద్దలు మహత్తు, అమహత్తు అని విడదీశారు,
మగవాళ్లూ దేవుళ్లూ మహత్తు, మిగతాది...
'మిగతాది' దగ్గర
నా గొంతు నాకే గీసుకుంది.

"అయితే మా అమ్మ మనుషుల్లో కలవాలంటే
చివర 'గారు' తగిలించాలా?
నాన్నకి అక్కర్లేదుగా!"

బోర్డు తుడిచాను. పోలేదు.
చెరగని మార్కర్‌తో రాసినట్టున్నాను.

*

నా భార్య సత్యవేణి రైలు నడుపుతుంది.
గీలాంగ్ నుంచి మెల్‌బోర్న్, మళ్లీ గీలాంగ్.
ఆరు పెట్టెలు, కునికిపాట్లు పడే కొన్ని వందల ప్రాణాలు.
రైలు వచ్చింది అంటాను.
సత్యవేణి వచ్చింది అంటాను.
టికెట్లు చూసే కుర్రాడు మాత్రం
దర్జాగా వచ్చాడు.

స్టేషన్ బయట, కార్లో హీటర్ వేసుకుని
నా మాటలు జేబులోంచి చిల్లరలా తీసి చూసుకున్నాను.
"గిన్నెలు తోమి నీకు సాయం చేస్తాలే."
తిన్నది ఇద్దరం. సాయం ఎవరికి?
"అంత పెద్ద బండి ఆడవాళ్ల చేతికిస్తారా?" అని
ప్రభంజన్ మా ఇంట్లో అన్నం తింటూ అడిగితే
గర్వంగా చెప్పాను,
"మా ఆవిడ మగాడితో సమానం."
పొగిడాననే అనుకున్నాను.
ఆ రాత్రి సత్యవేణి పెరుగన్నం సగంలో వదిలి లేచిపోయింది.
పెరుగు పులిసిందేమో అనుకున్నాను.
మూడేళ్లుగా పెరుగనే అనుకున్నాను.

ఇంకో సంగతి తట్టింది, ఇది మేధినికి చెప్పాలి.
అక్క వచ్చింది. ఇద్దరు అక్కలైతే?
వచ్చారు.
ఒక్కతే ఉన్నప్పుడు బస్సుతో, వానతో కలిపి లెక్క;
ఇంకొకామె చెయ్యి పట్టుకోగానే
ఇద్దరూ లేచి మనుషుల్లోకి నడుస్తారు.
ఏ ఉద్యమమూ రాయలేదు ఈ సూత్రం.
మన నోళ్లకి ఎప్పటినుంచో తెలుసు,
చెవులకే తెలియదు.

*

ఆరు పన్నెండుకి రైలు.
నారింజరంగు జాకెట్, భుజాన సంచీ,
టోపీ అదిమిన జుట్టు.
"వచ్చావా?"
"వచ్చాను. ఏంటలా ఉన్నావు?"

అంతా చెప్పాను, కుక్కతో సహా.
సీటుబెల్టు పెట్టుకుంటూ విన్నది.
"క్రియ సంగతి సరే,
ఇవాళ వంటకి కర్త ఎవరు?"
"నేను సాయం చే..." నాలుక కరుచుకున్నాను.
"నేనే. చారు, కోడిగుడ్డు వేపుడు."
"అయితే తినేవాళ్లది కర్మ" అని
కిటికీ వైపు తిరిగి నవ్వుకుంది.

ఒకటో సిగ్నల్ దాటాక, రెండో సిగ్నల్ దగ్గర
మా పలకరింపు మళ్లీ వినబడింది.
వచ్చావా. వచ్చాను.
అందులో ఆడా లేదు, మగా లేదు.
ఎదురెదురుగా ఉన్నంతసేపూ
మన భాషకి ఆ తేడానే పట్టదు.
మనిషి పక్కకి వెళ్లాక
ఆమె గురించి ఇంకొకరితో చెప్పబోతుంటే
అప్పుడు తయారవుతుంది నోట్లో, 'ది'.

పచ్చదీపం పడింది. వెనకవాడు హారన్ కొట్టాడు.
వాడో, ఆమెయో. చూడకుండానే
'వాడు' అనేశాను చూడండి.

బోర్డు మీద అక్క ఇంకా బస్సు పక్కనే ఉంది.
వచ్చే ఆదివారం స్పిరిట్ సీసా పట్టుకెళ్లాలి.